Re: బడి డాబా మీద గాలి వేగం సెకనుకు 3 మీటర్లే చూపిస్తోంది, చందాలు వెనక్కి ఇచ్చేయమంటారా?

గాలి లేక కాదండీ, గాలి వేగం కొలిచే మీటరు పెట్టిన చోటు తప్పు. రామగిరి కొండల మీద అన్నేసి గాలిమరలు తిరుగుతుంటే మీ డాబా మీద 3 చూపిస్తోందంటే పిట్టగోడా, పక్కనున్న వేపచెట్లూ గాలిని విరిచేస్తున్నాయన్నమాట. బడికి గాలిమర పెట్టడానికి పోగుచేసిన డబ్బు అప్పుడే వెనక్కి ఇవ్వకండి.

1. చుట్టూ 150 మీటర్లలో ఏది ఎత్తో చూడండి. గాలిమర రెక్క కింది అంచు దానికంటే కనీసం 9 మీటర్లు పైనుండాలి. చెట్టు 10 మీటర్లయితే స్తంభం 20 దాటాల్సిందే.

2. మీటరును ఆ ఎత్తుకే ఎక్కించండి. అందరూ వదిలేసేది ఇదే. గాలి వేగం రెట్టింపైతే కరెంటు 8 రెట్లవుతుంది. సెకనుకు 12 మీటర్ల గాలికి 1000 వాట్లిచ్చే మర 3 మీటర్ల గాలికి 16 వాట్లు కూడా ఇవ్వదు, ఒక బల్బుకు సరి.

3. ఏడాది పాటు గంటగంటకీ రాయించండి, తొమ్మిదో తరగతి పిల్లలు చక్కగా రాస్తారు. జూన్-సెప్టెంబరు గాలి చూసి మురిసిపోవద్దు, చలికాలం లెక్కా కావాలి.

4. స్లాబుకు మాత్రం బిగించొద్దు, అదురుకు పగుళ్లొస్తాయి. స్తంభం పడినా పిల్లలు ఆడుకునే చోటికి అందనంత దూరంలో పాతండి.