ఎవుసం చేస్తూ ఎమ్మెల్యే కాగలడా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా అబ్బాయికి 23 ఏళ్లు, డిగ్రీ అయిపోయింది. నాలుగెకరాల్లో పత్తి, మిర్చి వాడే చూస్తున్నాడు. గ్రూప్స్‌కు చదువుకోరా అంటే ‘ఎవుసం చేసుకుంటూ ఎమ్మెల్యే అవుతా’ అంటున్నాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు? – ఒక తండ్రి

జవాబు: వద్దని మాత్రం చెప్పకండి. అయితే ఇది నోటిఫికేషన్ చూసి దరఖాస్తు పెట్టుకునే కొలువు కాదని, ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరని వాడికి తెలియాలి.

ఇల్లందు నియోజకవర్గాన్నే చూడండి. ఆదివాసీ రైతు గుమ్మడి నర్సయ్య గారు అక్కడ 1983, 1985, 1989లో వరుసగా గెలిచారు. 1994లో ఓడి, మళ్లీ 1999, 2004లో గెలిచారు. ఎమ్మెల్యేగా ఉండి బస్సుల్లో తిరిగిన మనిషి, పదవి పోయాక మళ్లీ పొలం పనే చేసుకున్నారు. ఆయన వెనుక డబ్బు లేదు. పోడు భూముల కోసం, తునికాకు రేటు కోసం కొట్లాడిన పార్టీ, జనం ఉన్నారు. మీ బాబు ఆయన గెలిచిన సంవత్సరాల కంటే ఓడిన ఆ ఐదేళ్ల గురించి ఎక్కువ ఆలోచించాలి. అలాంటప్పుడు ఇల్లు దేనితో గడుస్తుంది?

ఎమ్మెల్యేగా పోటీకి 25 ఏళ్లు నిండాలి. వార్డు సభ్యుడికి, సర్పంచ్‌కి 21 చాలు. అంటే మొదటి మెట్టు ఊళ్లోనే ఉంది. అసెంబ్లీకి డిపాజిట్ 10 వేలే (ఎస్సీ, ఎస్టీలకు 5 వేలు), కానీ చట్టం ఒప్పుకునే ఖర్చే 40 లక్షల దాకా ఉంది. మీ భయం కూడా అదేనని నాకు తెలుసు. అందుకే ఇంట్లో ఇప్పుడే తేల్చుకోండి: ఎన్నికల కోసం ఒక్క గుంట కూడా అమ్మేది లేదు.

నాయకత్వం ఎక్కడ మొదలవుతుందంటే, నవంబర్‌లో సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రం దగ్గర. పత్తిలో తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర, 12 దాటితే కొనరు. మంచులో తడిసిన పత్తితో వచ్చిన ట్రాలీ అలాగే వెనక్కి పోతుంది, కిరాయి రైతు నెత్తిన పడుతుంది. ‘బాపూ, రెండు రోజులు ఎండబెట్టి తీసుకురా’ అని ముందు రోజే ఫోన్ చేసే పిల్లాడిని ఊరు మర్చిపోదు. మీ వాడు ఆ పని చేస్తున్నాడా? చేస్తుంటే వాడి మాటను మీరు కొంచెం నమ్మొచ్చు.

చదువు ఆపనివ్వకండి. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయమనండి, హన్మకొండలోనే కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ ఉంది. పంచాయతీరాజ్ చట్టం, భూముల రికార్డుల కోసం ఉన్న భూభారతి చట్టం తెలిసినవాడి దగ్గరికి పాసుబుక్కు పట్టుకుని జనమే వస్తారు. రాజకీయం కలిసి రాకపోయినా వకీలు పని ఉంటుంది.

ఈ పంట లెక్క మొత్తం వాడితోనే రాయించండి. విత్తనం, మందులు, కూలి, కిరాయి, అమ్మిన రేటు, అన్నీ. ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చున్నాక గ్రూప్స్ మాట మళ్లీ ఎత్తండి.