ఆ గుద్దును కొట్టెయ్యి

విశాఖపట్నం,
ఆదివారం.

నాయనా,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి బీచ్ రోడ్డులో నడక ముగించుకుని వచ్చి, కాఫీ చల్లారేలోపు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. చేతిలో పెన్సిలు ఉన్నప్పుడు నేను అంత మంచివాణ్ణి కాను. నిన్ను నా దగ్గరికి పంపినవాళ్లు ఆ సంగతి చెప్పే ఉంటారు.

ముందు నాలుగో పేజీ గురించి. గాజువాక కుర్రాడు న్యూజెర్సీలో రాత్రి పదకొండింటికి స్నానాలగది అద్దం ముందు నిలబడి ‘వ’ పలకడం నేర్చుకుంటాడు. మనకున్నది ఒకే వ. ఇంగ్లీషులో రెండు: ఒకటి కింది పెదవిని పంటితో నొక్కితే వచ్చేది, ఇంకొకటి పెదవులు గుండ్రంగా చుడితే వచ్చేది. మర్నాడు మీటింగులో అతను మాట్లాడతాడు, ఎవరూ నవ్వరు, కానీ పెదవి మీద చిన్న పంటిగాటు మిగిలి ఉంటుంది. నాయనా, ఆ పంటిగాటు కోసం నీ తక్కిన తప్పులు సగం క్షమించాను. ఆరో పేజీలో అతను మంచు కురుస్తుంటే కారు అద్దాలు మూసుకుని, వాసన బయటికి పోతుందేమోనన్న భయంతో అమ్మ పంపిన ఎండు నెత్తళ్ల వేపుడు తింటాడు కదా, అది కూడా బాగుంది. ఆవిరికి అద్దాలు మసకబారాయని రాశావు. అక్కడే ఆగాల్సింది. ‘అతని జీవితంలాగే’ అని కలిపావు. దాన్ని నేను కొట్టేశాను.

ఇక పదకొండో పేజీ. పార్కింగు స్థలంలో తెల్లవాడు మీ కుర్రాణ్ణి ‘నువ్వొక మగవాడివా’ అంటాడు. కుర్రాడు ఒక్క గుద్దు గుద్దుతాడు. తెల్లవాడు పడిపోతాడు. దూరంగా నిలబడ్డ అమ్మాయి చూస్తుంది. కథ అయిపోయింది.

చదివినప్పుడు నాకూ ప్రాణం లేచొచ్చింది, అబద్ధమెందుకు. కానీ ఆ గుద్దుతో గెలిచింది తెల్లవాడే. మగవాడంటే గుద్దేవాడు అన్నది వాడి లెక్క. మీ కుర్రాడు ఆ లెక్క తప్పని చెప్పలేదు, అందులో తనకూ మార్కులు వేయమన్నాడు. బ్రూస్ లీ సంగతి చూడు. ఆయన వచ్చేనాటికి అమెరికా తెరమీద ఆసియా మగవాడు ఎక్కువగా వంగి దండాలు పెట్టేవాడు. 1973లో ఆయన పోయాడు, ఆయన బొమ్మ మిగిలింది. ఆ తర్వాత పడమటి దేశాల్లో కళ్లు సన్నగా ఉన్న ప్రతి బడిపిల్లవాణ్ణీ ‘నీకు కరాటే వచ్చా’ అని అడిగి ఏడిపించారు. ఒక మూస పగిలిన చోటే ఇంకొక మూస పోశారు. తప్పు ఆయనది కాదు.

నీ కథలోని బాధ నిజమే. అది ఎక్కడ పుట్టిందో మాత్రం నువ్వు వెతకలేదు. దానికి చట్టాలున్నాయి, సంవత్సరాలున్నాయి. గనుల్లో, రైలుమార్గాల మీద పనిచేయడానికి చైనా నుంచి వేలమంది మగవాళ్లు అమెరికా వెళ్లారు. 1869లో ఖండం దాటే రైలుమార్గం పూర్తయింది, ఆ చేతులతో అవసరం తీరింది. 1875 నాటి చట్టం చైనా ఆడవాళ్లు రాకుండా దాదాపు తలుపు మూసింది. 1882 నాటి చట్టం కూలీలకూ మూసింది, 1943 దాకా తెరవలేదు. భార్యాబిడ్డలు లేరు, గనుల్లోంచి తరిమేశారు, కార్మిక సంఘాలు తమ పక్కన నిలబడనివ్వలేదు. మిగిలినవి ఎవరికీ అక్కర్లేని పనులు, బట్టలుతకడం, వంట చేయడం. అవే చేసుకుని బతికారు. అప్పుడు ‘చూశారా, ఆడపనులు చేసే మగవాళ్లు’ అన్నారు. ఆ పనిలోకి నెట్టినవాళ్లే ఆ పనిని చూసి నవ్వారు.

ఇది మన ఊళ్లో ఎవరికైనా చెబితే వింతగా చూస్తారు. మన పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర గరిట తిప్పేది మగవాళ్లు. రేవులో బండకేసి బట్టలు బాదేదీ మగవాళ్లే. వాళ్లను ఎవరూ ఆడంగులనరు. అలాగని మనం మంచివాళ్లమనుకోకు. వాళ్లు ఆ పనికి మగతనం తీసేశారు, మనం కులం అంటగట్టాం.

మీ కుర్రాణ్ణి ఆఫీసులో ‘లెక్కల మనిషి’ అంటారని రాశావు. అదీ అలా వచ్చిందే. 1965లో వలస చట్టం మారాక మన దేశం నుంచి వెళ్లనిచ్చింది ఎక్కువగా డాక్టర్లను, ఇంజినీర్లను. జల్లెడ పట్టి, నిలిచిన గింజల్ని మాత్రం తీసుకుని, ఆ చేలో పండేదంతా ఇలాగే ఉంటుందనుకోవడం అన్నమాట. సినిమా సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. మూకీల కాలంలో సెస్స్యూ హయకావా అనే జపాను నటుణ్ణి చూడటానికి తెల్ల ఆడవాళ్లు ఎగబడేవారు. 1930లలో చైనా డిటెక్టివు వేషం వేసి పేరు తెచ్చుకున్నవాడు స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలండ్. అందగాడన్న మాట ముందే ఉంది, దాన్ని తర్వాత చెరిపారు. ఆసియా మగవాడు మొదటినుంచీ అనాకారిగానే కనిపించాడని నువ్వు మూడో పేజీలో రాసిన వాక్యం అందుకే తప్పు.

ఎనిమిదో పేజీ దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. బార్లో ఒక తాగుబోతు మీ కుర్రాణ్ణి ఉగ్రవాది అంటే, ‘నేను వాళ్లలాంటివాణ్ణి కాదు, భారతీయుణ్ణి’ అని జవాబిస్తాడు. చప్పట్ల కోసం రాసిన మాట అది. ‘వాళ్లు’ ఎవరు నాయనా? 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేత్‌లో మన తెలుగు ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినవాడు ఆయన్ని ఇరానీయుడనుకున్నాడు. 1982లో డెట్రాయిట్ దగ్గర విన్సెంట్ చిన్‌ను కొట్టి చంపినప్పుడు జపాను కార్ల మీద కోపం ఉంది, చచ్చిపోయినవాడు చైనా మూలాలున్న అమెరికన్. కొట్టినవాళ్లు ఒక్క రోజు కూడా జైలుశిక్ష అనుభవించలేదు, కోర్టు మూడు వేల డాలర్ల జరిమానా వేసింది. మనిషి పొరపాటున పోయాడని అనుకుంటే, సరైన మనిషి దొరికి ఉంటే ఫరవాలేదనా అర్థం? మీ కుర్రాడి జవాబులో ఆ అర్థం ఉంది. అతనికి తెలియకపోవచ్చు, రాసేవాడివి నీకు తెలియాలి.

నువ్వు విశాఖలో కూర్చుని అమెరికా గురించి రాస్తున్నావు కనుక ఈ ఊరి మాట చెబుతాను. ఉత్తరాది జనం ఒకప్పుడు సిపాయిని ‘తిలంగా’ అనేవారు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలోని తొలి సిపాయిల్లో తెలుగు నేల నుంచి వెళ్లినవాళ్లు అంతమంది మరి. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిలు అవధ్, బీహారు ప్రాంతాలవాళ్లు, అయినా ఢిల్లీ జనం వాళ్లనూ తిలంగాలనే అన్నారు. అంతకు ముందే, 1780లో, హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు రమ్మంటే ఎక్కం పొమ్మని తుపాకులు తిప్పింది ఇక్కడి సిపాయిలే. పందొమ్మిదో శతాబ్దం చివరికి లార్డ్ రాబర్ట్స్ లాంటి బ్రిటిష్ సేనానులు ‘యుద్ధవీరుల జాతులు’ అనే లెక్క రాసుకుని, దక్షిణాదివాళ్లు పోరుకు పనికిరారని తేల్చారు. తెలుగువాళ్లను చేర్చుకోవడం దాదాపు ఆపేశారు. నూరేళ్లలో మన రక్తం మారిందా? వాళ్ల అవసరం మారింది. మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, దక్షిణాదివాణ్ణి తిట్టే ‘కెలింగ్’ అన్న మాట కళింగ నుంచి వచ్చింది. అంటే మనం నిలబడ్డ ఈ నేల పేరే.

రంగూన్‌లో మా తాతను ‘కొరంగీ’ అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరది. ఏ రేవులో ఓడెక్కినా తెలుగు కూలీ అక్కడ కొరంగీయే. 1930 మేలో రేవు కూలీల సమ్మె తర్వాత తెలుగువాళ్ల మీద జరిగిన దాడులు చూసినవాడు, 1942లో జపాను సేనలు బర్మాలోకి వస్తే కొండలదారిన కాలినడకన ఇల్లు చేరినవాడు మా తాత. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు వణికేది. ఆ వెంటనే చుట్ట వెలిగించుకుని, ‘బర్మా మగాళ్లా? సోమరిపోతులు. పెళ్లాలు దుకాణం నడిపితే తిని కూర్చుంటారు’ అనేవాడు. రెండూ ఒకే అరుగు మీద, ఒకే సాయంత్రం. నేను ఆయన గురించి మూడు కథలు రాశాను. మూడింటిలోనూ మొదటి మాటే రాశాను, రెండోది రాయడానికి నాకు ధైర్యం చాల్లేదు. నువ్వు రాయగలిగితే నీ కుర్రాడిలో అది పెట్టు. అమ్మకు ఫోను చేసి, పక్క గదిలో ఉండే చైనావాడి వంట కంపు గురించి ఎగతాళిగా చెప్పనీ. మసకబారిన కారు అద్దాల తర్వాతి పేజీలోనే చెప్పనీ.

నువ్వు గమనించని మనిషి ఒకడు నీ కథలోనే ఉన్నాడు. రెండో పేజీ, గాజువాక ఇంటి గేటు దగ్గర. ‘గూర్ఖా సలాం కొట్టి పళ్లికిలించాడు, జీ సాబ్ అన్నాడు.’ అంతే, మళ్లీ కనిపించడు. అమెరికావాళ్లు కార్టూనులో అపు అనే దుకాణదారుణ్ణి పెట్టి, తెల్ల నటుడితో యాస పలికించి ముప్ఫై ఏళ్లు నవ్వుకున్నారని నాతో ఫోనులో అరగంట మండిపడ్డావు. దాని మీద 2017లో డాక్యుమెంటరీ తీసిన హరి కొండబోలు తెలుగు తల్లిదండ్రుల బిడ్డ అని గర్వంగా చెప్పావు. సరే. మరి ఈ ‘జీ సాబ్’ ఎవరి యాస?

దీనికి నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. ముప్ఫై ఏళ్ల కిందట నేనూ ఒక గూర్ఖాను రాశాను. రాత్రిపూట ఈల వేస్తూ, కర్ర తాటిస్తూ తిరిగి, దొంగ వస్తే మాత్రం నిద్రపోయే హాస్యపాత్ర. పేరు బహదూర్. వారపత్రికలో వచ్చింది, మిత్రులు పడీపడీ నవ్వారు. మా వీధిలో నిజంగానే ఒక నేపాలీ ఆయన గస్తీ తిరిగేవాడు. ఒకటో తారీఖున ఇంటింటికీ వచ్చి డబ్బు తీసుకునేవాడు. ఆ నెల కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఎనిమిదో తరగతి, మునిసిపల్ బడి, తెలుగు మాధ్యమం. నేను చిల్లర వెతుకుతుంటే ఆ పిల్లవాడు నాకన్నా శుభ్రమైన తెలుగులో అన్నాడు: ‘కథ చదివానండి. మా నాన్న పేరు బహదూర్ కాదండి.’

తండ్రికి తెలుగు చదవడం రాదు. కొడుకు ఏమన్నాడో అర్థమైందో లేదో, నవ్వుతూ నిలబడ్డాడు. పేరేమిటని నేను అడగలేదు. పది రూపాయలు ఎక్కువ ఇచ్చాను. అంతకన్నా సిగ్గుమాలిన పని నేను చేసి ఉండను. ఆ పది రూపాయలు ఆ పిల్లవాడు తిరిగి గట్టు మీద పెట్టాడు, తండ్రి చూడకుండా.

కనుక పదకొండో పేజీలో గుద్దును కొట్టెయ్యి. తెల్లవాడు ఆ మాట అన్నాక మీ కుర్రాడు కారెక్కి తలుపు వేసుకుంటాడు, అంతవరకు ఉంచు. ఆ తర్వాత ఏం చేస్తాడో నువ్వు ఊహించుకో. నాకైతే అతను అద్దంలో పెదవి చూసుకుంటాడని అనిపిస్తోంది, కానీ అది నా కథ కాదు. అమ్మాయిని తీసేయ్. ఆమె బహుమతి షీల్డులాగా నిలబడి ఉంది. రెండో పేజీకి వెళ్లేముందు మీ అపార్టుమెంటు గేటు దగ్గర ఒక సాయంత్రం కూర్చో. నోటుపుస్తకం పట్టుకెళ్లకు, ఇంటర్వ్యూ చేయకు. అతను అన్నం ఎప్పుడు తింటాడో, ఎవరికి ఫోను చేస్తాడో, ఫోనులో ఏ భాషలో నవ్వుతాడో చూడు. బహుశా అతను నేపాలీ కూడా కాకపోవచ్చు. అస్సామో, ఒడిశానో. మనం అడిగితేగా.

వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం రా. కొత్త ప్రతి రెండు కాపీలు తెచ్చుకో. ఈ ప్రతి నీకు తిరిగి ఇవ్వలేను, నా గీతల కింద నీ అక్షరాలు కనిపించడం లేదు. నాలుగో పేజీ మాత్రం శుభ్రంగానే ఉంది.

ఆశీస్సులతో.