లండన్‌లో మా పెరటి పూలకుండీలో కోడిగుడ్డు పాతిపెట్టి ఉంది, ఎవరి పని?

పెంకు కూడా చిట్లని గుడ్డు మట్టిలో కనిపించేసరికి మీ అత్తగారు చేతబడేమోనని భయపడుతున్నారని రాశారు. ఆవిడకి ధైర్యం చెప్పండి, అది నక్క పని. చుట్టుపక్కల ఎవరో నక్కలకి తినడానికి గుడ్లు వేస్తుండాలి, లేదా కోళ్లు పెంచుతుండాలి. నక్క గుడ్డును పగలకుండా నోట కరుచుకుని చాలా దూరం తేగలదు.

అది దాచే తీరు ఇదీ: ముందుకాళ్లతో మూడు నాలుగు అంగుళాల గుంట తవ్వి, అందులో ఒక్కటంటే ఒక్కటే పెట్టి, మూతితో మట్టి నెట్టి, ఆ మూతితోనే అదుముతుంది. అందుకే పైకి తవ్విన ఆనవాలు కనిపించదు. అన్నీ ఒకేచోట పెడితే ఒక్క దొంగతో సరి, కాబట్టి ఒక్కోటీ ఒక్కోచోట దాస్తుంది. గుల్లమట్టి ఉన్న కుండీలు, కొత్తగా తవ్విన మళ్లు దానికి సులువు.

తిరిగి తవ్వుకునేది ముఖ్యంగా జ్ఞాపకంతోనే. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు డేవిడ్ మెక్‌డొనాల్డ్ ఒక మచ్చికైన ఆడనక్కతో పరీక్షించారు. తను దాచిన ఎలుకల్ని అది దాదాపు అన్నిటినీ తవ్వి తీసుకుంది. ఆ దగ్గర్లోనే ఆయన పాతినవి మాత్రం చాలావరకు దానికి దొరకలేదు.

గ్లవ్స్ వేసుకుని గుడ్డు తీసి చెత్తలో పడేయండి. నక్క ఇంకో ఒకట్రెండు రాత్రులు వచ్చి వెతకొచ్చు. కుండీ నోటికి సరిపడా అంగుళం కన్నుల ఇనుప మెష్ కత్తిరించి, మొక్క కాండం పట్టేలా మెష్‌కి చీలిక పెట్టి, అంగుళం మట్టి కింద పరవండి. ఊరికే పైన పెడితే కాలితో లాగేస్తుంది.

అసలు చాలా ఇళ్లలో గొడవ ఎరువుతోనే మొదలవుతుంది. బోన్‌మీల్ (ఎముకల పొడి), రక్తం-చేప-ఎముకల పొడి లాంటివి మట్టిలో కలిపితే, ఆ వాసనకి అక్కడేదో కళేబరం ఉందనుకుని నక్క మడంతా తిరగేస్తుంది. సీవీడ్ (సముద్రపు నాచు) ఎరువుకి మారండి. నక్కకి విషం పెట్టడం బ్రిటన్‌లో నేరం. డీజిల్, కలరా ఉండల జోలికీ పోకండి. నక్కల్ని దూరంగా ఉంచడానికి అనుమతి ఉన్న మందే వాడాలి.

కోళ్లు మీవే అయితే ఒక మాట. గూట్లో దూరిన నక్క దొరికినన్ని చంపి, ఒక్కొక్కటీ మోసుకెళ్లి దాచుకోవాలని చూస్తుంది. మధ్యలో అలికిడై పారిపోయినా మిగిలినవాటికోసం మళ్లీ వస్తుంది. బతికిన కోళ్లని ఆ గూట్లోనే ఉంచకండి. పల్చటి కోళ్లవల కొరికేస్తుంది, వెల్డ్‌మెష్ (తీగలు వెల్డింగ్ చేసిన గట్టి ఇనుప వల) కావాలి; దాన్ని గూడు చుట్టూ బయటివైపుకి అడుగు వెడల్పున నేలమీద పరిచి మేకులు దిగ్గొట్టండి.