ఛార్జింగ్ ఎక్కుతోంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం ఫోన్ కనిపించట్లేదా?

ఫొటోలు కాపీ చేద్దామని ఆండ్రాయిడ్ ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు పెడితే ఛార్జింగ్ మాత్రమే ఎక్కుతోందని, యూఎస్‌బీ డీబగ్గింగ్ (యాప్‌లు తయారుచేసేవాళ్లకు పనికొచ్చే సెట్టింగ్) ఆన్ చేయాలా అని అడిగారు. ఛార్జింగ్ ఎక్కుతోంది కాబట్టి పోర్టు పాడైందని టెన్షన్ పడకండి, ముందు కేబుల్‌నే అనుమానించండి. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో కరెంటుకు రెండు తీగలు, డేటాకు రెండు ఉంటాయి. పవర్ బ్యాంకులతో, ట్రిమ్మర్లతో వచ్చే చవక కేబుళ్లు కొన్నింటిలో డేటా తీగలే ఉండవు. అలాంటి దానితో సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు. ఫోన్‌తో వచ్చిన కేబుల్ వెతికి, మధ్యలో యూఎస్‌బీ హబ్ (ఒక పోర్టును చాలా పోర్టులుగా చేసే పరికరం) లేకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి.

ఆ తర్వాత ఫోన్ లాక్ తీసి, పైనుంచి నోటిఫికేషన్లు కిందికి లాగండి. యూఎస్‌బీతో ఛార్జ్ అవుతోందని ఒకటి కనిపిస్తుంది. దాన్ని నొక్కి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోండి. ఆండ్రాయిడ్ 6 నుంచి, మనం చెప్పేదాకా ఫోన్ ఛార్జింగ్‌కే పరిమితమవుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీరు అడిగిన యూఎస్‌బీ డీబగ్గింగ్ ఫొటోలు కాపీ చేయడానికి అక్కర్లేదు, ఆన్ చేసి ఉంటే ఆపేయండి.

అప్పటికీ రాకపోతే విండోస్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. ఫోన్ పక్కన పసుపు గుర్తు ఉంటే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, కేబుల్ తీసి మళ్లీ పెట్టండి. సాధారణంగా డ్రైవర్ (ఫోన్‌ను కంప్యూటర్ గుర్తించడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) దానంతటదే ఎక్కుతుంది. అక్కడ ఫోన్ ఆనవాలే లేకపోతే వేరే కంప్యూటర్‌లో పెట్టి చూసి, ఏమైందో చెప్పండి.