అజీర్తియా, అజీర్ణమా?

సందేహం: మా మనుమడు పరీక్షలో "అజీర్తి" అని రాస్తే, ఉపాధ్యాయుడు కొట్టివేసి "అజీర్ణం" అని దిద్దారు. ఏది సాధువు? జీర్ణదేవాలయంలోని జీర్ణమూ, అన్నం జీర్ణం కావడమూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, రసమంతా మీ రెండవ ప్రశ్నలోనే ఉన్నది కనుక ముందు దానినే అందుకుంటాను. రెండూ ఒకటే. సంస్కృత క్రియామూలాల పట్టిక అయిన ధాతుపాఠం "వయోహాని" (వయసు ఉడగడం) అని అర్థం చెప్పిన జౄ ధాతువుకు క్తాంతరూపం, అంటే పని జరిగిపోయిందని చెప్పే రూపం, జీర్ణం. ముసలితనాన్ని చెప్పే "జర" కూడా దాని బిడ్డే. కాలానికి శిథిలమైన గుడి, కట్టి కట్టి చివికిన బట్ట, కడుపులో పడి తన రూపు పోగొట్టుకున్న అన్నం, ఈ మూడూ జీర్ణాలే. ఇది సంస్కృతం నేర్పిన పోలిక అనుకోనక్కరలేదు. చెప్పులు అరిగాయనీ, తిన్నది అరగలేదనీ తెలుగువాడు ఒకే క్రియతో అంటూనే ఉన్నాడు. అమరకోశం జీలకర్రకు "జీరకో జరణః" అని పర్యాయం చెప్పింది. జరణమంటే అరిగించేది. కడుపుబ్బరానికి జీలకర్ర కషాయం కాచే ఇల్లాలు ఆ శ్లోకం చదవకపోయినా దాని అర్థం ఎరిగినదే.

ఇక అజీర్తి మాట. ౠకారాంత ధాతువులపై, క్రియను నామవాచకం చేసే క్తిన్ ప్రత్యయం చేరితే కీర్ణి, గీర్ణి అన్నట్లు ణకారం రావాలని వార్తికం (పాణిని సూత్రాలకు చేర్చిన అనుబంధ నియమం); "కీర్తి"కి పాణిని ప్రత్యేకంగా సూత్రంలో చోటిచ్చాడు. ఆ లెక్కన "జీర్ణి" కావాలి గాని "జీర్తి" కాదు. వాడుకా అటే మొగ్గుతున్నది. పాలు పట్టి, బిడ్డ పొట్ట నిమురుతూ అమ్మమ్మ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంటుంది గాని జీర్తి అనదు. ఓటమిని "జీర్తించుకోలేక" అని ఏ విలేకరీ రాయడు. అయినా కీర్తి, ఆర్తి పక్కన కూర్చున్న పోలికతో కాబోలు, అజీర్తి నోళ్లలో పాతుకుపోయింది. గ్రాంథికంలో అజీర్ణమే మేలంటాను. అజీర్తిని తప్పని కొట్టివేయడానికి మాత్రం నాకు చేయి రాదు. మీ మనుమడు "అరుగుదల లేకపోవడం" అని రాసి ఉంటే ఎర్రసిరాకు పనే ఉండేది కాదు.

నా బాధ వేరే ఉన్నది. రోగలక్షణాలు చెప్పే ఆయుర్వేద గ్రంథం మాధవనిదానం అజీర్ణాన్ని ఆమం, విదగ్ధం, విష్టబ్ధం, రసశేషం అని విడదీసింది. పుల్లని త్రేన్పులు వచ్చేది విదగ్ధం, కడుపు బిగిసేది విష్టబ్ధం. (విదగ్ధుడంటే పండితుడని కూడా అర్థం, మాలో పులిసినవారు లేకపోలేదు.) ఇన్ని మాటలుండగా నేడు గొంతు నుంచి బొడ్డు దాకా ఏది వచ్చినా "గ్యాస్" అనే ఒక్క మాటే. అది చాలదన్నట్లు, ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నినప్పుడు కలిగే మంటకు ఇంగ్లీషును చూసి "గుండెమంట" అని పేరు పెట్టారు. అందులో గుండె ప్రమేయమేమీ లేదు. "రొమ్ములో మంట" అంటే సరిపోయేది. నిజంగా గుండెకే నొప్పి వచ్చిన నాడు "గ్యాసేలే" అని సోడా తాగి కూర్చునేవారిని చూస్తుంటే, ఈ తికమక నిఘంటువుతో ఆగేది కాదనిపిస్తుంది.