నడక మంచిదే, వేళ కుదరలేదు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఎంవీపీ కాలనీలో ఉంటాం. ఆర్నెల్ల క్రితం ఇల్లంతా తెల్లటి ఎల్ఈడీ ట్యూబులైట్లు పెట్టించాం. అప్పటినుంచి రాత్రి ఒంటిగంటన్నర దాటితేగానీ నిద్ర పట్టడం లేదు. ఆఫీసు కోసం 7కి అలారం పెట్టుకుని లేస్తున్నా. సెలవు రోజున 9 దాకా మెలకువ రాదు. పొద్దుటి వెలుతురు మంచిదంటే రెండు వారాలు 5 గంటలకే లేచి బీచ్ రోడ్డులో నడిచాను. నిద్ర ఇంకా ఆలస్యమైంది. మెలటోనిన్ మాత్రలు వేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: మాత్రల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 5 గంటల నడక ఆపండి.

మెదడులోని హైపోథాలమస్‌లో ఉండే ఒక చిన్న నాడీకణాల గుంపే మన శరీర గడియారం. చాలామందిలో దాని రోజు 24 గంటల కంటే కొన్ని నిమిషాలు ఎక్కువ. ఆ కొసరును రోజూ సరిచేసేది వెలుతురే. అయితే వెలుతురు పడే వేళను బట్టి ఫలితం తారుమారవుతుంది. అలారం లేకుండా లేచే సమయానికి సుమారు 2, 3 గంటల ముందు ఒంటి వేడి బాగా తగ్గుతుంది. ఆ తర్వాత పడే వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, అంటే నిద్ర త్వరగా వస్తుంది. అంతకుముందు పడితే వెనక్కి నెడుతుంది, అంటే నిద్ర ఆలస్యమవుతుంది. మీకు సహజంగా మెలకువ వచ్చేది 9కి. అంటే 6, 7 గంటల మధ్య దాకా మీ ఒంటికి ఇంకా రాత్రే. వేసవిలో విశాఖలో 5.20 ప్రాంతానికే సూర్యోదయం. ఆ వెలుతురును మీ ఒళ్లు సాయంత్రపు వెలుతురుగా లెక్కేసుకుంది.

కాబట్టి నడక 7.30కి మొదలుపెట్టండి. ఆరుబయట అరగంట చాలు. నల్ల కళ్లద్దాలు వద్దు, సూర్యుణ్ని నేరుగా చూడొద్దు. మబ్బు పట్టినా బయట కొన్ని వేల లక్స్ (మీద పడే వెలుతురుకు కొలత) వెలుతురు ఉంటుంది, ఇంట్లో 300 దాటడమే కష్టం. మూడు రోజులకోసారి నడక, అలారం, పడక మూడింటినీ 15 నిమిషాల చొప్పున ముందుకు తెచ్చుకోండి. ఆదివారం కూడా అలారం ఉండాల్సిందే. 9 దాకా పడుకుంటే వారం కష్టం చాలావరకు పోతుంది.

ఇక ట్యూబులైట్లు. అందరూ ఫోన్‌నే తిడతారుగానీ, మీ విషయంలో పైకప్పు కింది వెలుతురే ఎక్కువ అనుమానించదగ్గది. రెటీనా (కంటి లోపలి వెనక పొర)లోని కొన్ని కణాల్లో ఉండే మెలనాప్సిన్ అనే పదార్థం 480 నానోమీటర్ల నీలి కాంతికి బాగా స్పందించి, ఇంకా పగలేనని గడియారానికి కబురు పంపుతుంది. దాంతో, రాత్రయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ హార్మోను ఊరడం తగ్గుతుంది. పెట్టె మీద ‘కూల్ డేలైట్’, 6500 కె (కెల్విన్, వెలుతురు రంగుకు కొలత) అని ఉంటే అందులో నీలి కాంతి ఎక్కువ. పైగా 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు వెలుతురు కూడా ఎక్కువే, సుమారు 2,000 ల్యూమెన్లు (దీపం ఇచ్చే మొత్తం వెలుతురుకు కొలత). అన్నీ పీకించక్కర్లేదు. పడుకునే వేళకు 3 గంటల ముందు వాటిని ఆర్పేసి, 2700 లేదా 3000 కె ఉన్న 5 వాట్ల బల్బును కంటికి కిందగా, గోడవైపు తిప్పి పెట్టుకోండి. పసుపు రంగు బల్బే కదా అని నాలుగు వెలిగిస్తే ప్రయోజనం ఉండదు. వెలుతురు తగ్గడమూ అంతే ముఖ్యం. రాత్రి బాత్రూముకు జీరో బల్బు చాలు.

వీధి దీపం కిటికీలోంచి పడుతుంటే మందపాటి కర్టెన్ వేయొచ్చు. మన ఉక్కపోతలో కిటికీ మూయలేకపోతే కళ్లకు నూలు గంతలు కట్టుకోండి.

మెలటోనిన్ ఇప్పుడే వద్దు. అది నిద్రమాత్ర కాదు, గడియారాన్ని జరిపే హార్మోను. వేళ తప్పితే మీ 5 గంటల నడకలాగే ఎదురు తిరుగుతుంది. వార్‌ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారికి ప్రమాదం కూడా. పైన చెప్పినవి 4 వారాలు చేస్తూ పడుకున్న, లేచిన సమయాలు రాసుకోండి. అప్పటికీ మార్పు లేకపోతే ఆ కాగితంతో నిద్ర సమస్యలు చూసే డాక్టర్‌ను కలవండి. గట్టిగా గురక, నిద్రలో ఊపిరాడక మెలకువ రావడం, రోజుల తరబడి దిగులు ఉంటే మాత్రం 4 వారాలు ఆగొద్దు.