ముఖం ఒకవైపు లాగేస్తోంది.. బొటాక్స్ వేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. టీచర్‌ని. రెండేళ్ల కిందట ఎడమ కన్ను అదరడం మొదలైంది. ఆడవాళ్లకు ఎడమ కన్ను అదిరితే మంచిదంటారు కదా అని పట్టించుకోలేదు. ఇప్పుడు కన్నుతో పాటు చెంప, పెదవి మూల కూడా లాగేస్తున్నాయి. న్యూరాలజిస్టు బొటాక్స్ ఇంజెక్షన్లు వేయించుకోమన్నారు. అది విషమని, ముడతలకు వేస్తారని విన్నాను. భయంగా ఉంది. వేయించుకోవచ్చా? పనిలో పనిగా కనుబొమల మధ్య ముడతలకు కూడా వేస్తారా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వేయించుకోండి అమ్మా. నిద్ర చాలకో, టెన్షన్ వల్లో అదిరే కన్ను సాధారణంగా కొన్నాళ్లకు దానంతటదే తగ్గిపోతుంది. మీకు అదే వైపు చెంపకు, పెదవికి పాకిందంటే ఇది హెమీఫేషియల్ స్పాజమ్, అంటే ముఖంలో ఒకవైపు కండరాలు వాటంతటవే లాగేసే జబ్బు అనిపిస్తోంది. చాలామందిలో మెదడు కాండం దగ్గర ఓ రక్తనాళం ముఖ నరాన్ని ఒత్తుతూ ఉండటమే దీనికి కారణం. ఇంతవరకు ఎమ్మారై తీయించకపోతే ముందు అది తీయించండి. అరుదుగా గడ్డ ఉన్నా బయటపడుతుంది.

విషమన్న మాట నిజమే. బ్యాక్టీరియా నుంచి తీసే ఈ మందును చాలా తక్కువ మోతాదులో, అదిరే కండరాల్లోకే ఇస్తారు. నరం పంపే సంకేతం అక్కడ ఆగి కండరం సడలుతుంది. అసలు ఇది ముడతల కోసం వచ్చిన మందు కాదు. అమెరికాలో 1989లో మెల్లకన్నుకు, రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు అనుమతి వచ్చింది. ముడతలకు వచ్చింది 2002లో.

వేసిన వారంలోపు తేడా తెలుస్తుంది. మూడు నాలుగు నెలలకు అదురు మళ్లీ మొదలవుతుంది. అప్పుడు మందు పనిచేయలేదని నిరాశపడి మానేయకండి, దాని గడువు అంతే. మళ్లీ వేయించుకోవాలి. మళ్లీ మళ్లీ వద్దనుకుంటే, నరం మీద ఒత్తిడి తీసేసే ఆపరేషన్ ఉంది. కానీ అది తల తెరిచి చేసేది కాబట్టి న్యూరోసర్జన్‌తో నిదానంగా మాట్లాడాకే నిర్ణయించుకోండి.

కొందరికి రెప్ప వాలడం, కన్ను పొడిబారడం, నోటి మూల జారడం ఉంటాయి. కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. మీరు రోజంతా పాఠం చెప్పాలి కాబట్టి పెదవి దగ్గర తక్కువ మోతాదు వేయమని డాక్టర్‌ను అడగండి. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మయస్తీనియా లాంటి కండరాల జబ్బు ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పండి.

కనుబొమల మధ్య ముడతలకు అదే రోజు వేయించుకోవచ్చు. ముఖం చిట్లించినప్పుడు పడే గీతలు బాగా తగ్గుతాయి. మామూలుగా ఉన్నప్పుడు కూడా లోతుగా కనిపించే గీతలు పూర్తిగా పోవు. అయితే రెండూ ఒకే డాక్టర్ దగ్గర వేయించుకోండి, మొత్తం మోతాదు ఆయన లెక్కలో ఉంటుంది. బ్యూటీ పార్లర్లో మాత్రం వద్దు. ఏ కంపెనీ మందు, ఎన్ని యూనిట్లు వేశారో చీటీ మీద రాయించుకోండి. కంపెనీ మారితే యూనిట్ల లెక్క మారుతుంది, వచ్చేసారి వేసే డాక్టర్‌కు ఆ చీటీ కావాలి.